తాళం చుట్టూ ఏడు గీతలు

పోయినవారం మీరు నన్ను పళ్ళ డాక్టరుగారి గుమ్మంలో, చేతిలో సామాన్ల పెట్టెతో, మొహాన నెత్తురు చుక్క లేకుండా నిలబెట్టి వెళ్ళిపోయారు. మీకు సవాలక్ష పనులుంటాయి, మరిచిపోయుంటారు. రెండు ముక్కల్లో గుర్తుచేస్తాను. డాక్టరుగారి తల్లికి పక్షవాతం. మాట పడిపోయింది, ఎడమ చెయ్యి మాత్రం కదులుతుంది. ఆవిడని ఎనిమిది నెలలుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నది నా చెల్లెలు. ఆ గదిలో ఒక టేకు రాతబల్ల ఉంది. దాని పై సొరుగులో ఉండాల్సిన రవ్వల దుద్దులు కనపడటం లేదట. తాళం చుట్టూ గీతలు పడి ఉన్నాయట. కాబట్టి దొంగ మా చెల్లెలేనట. "సాయంత్రం నాలుగింటిలోగా దుద్దులు తెచ్చిస్తే పోలీసుల మాట ఎత్తను. ఆ అమ్మాయి పాడుచేసిన బల్లని మీరొచ్చి బాగుచేసిపెట్టండి" అని డాక్టరుగారు ఫోనులో హుకుం జారీచేశారు.

నేను పాలిష్ పనిదాన్ని. గీతలు పూడుస్తాను, సొట్టలు లేపుతాను, మరకలు వదిలిస్తాను. ఊళ్ళో అందరికీ పాలిషక్కనే. పని నేర్పింది మా మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు. మా ఆయన బస్సు కండక్టరు, ఉలికీ సుత్తికీ తేడా తెలియదు. అందుకని పదహారేళ్ళ కిందట నేను కాపురానికి రాగానే మామయ్య తన పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆ మామయ్యనే అడిగాను. "ఎప్పుడైనా పళ్ళ డాక్టరుగారింట్లో పనిచేశారా మామయ్యా?" అని.

"ఆ ఇంటి గడపే ఎరగనమ్మాయ్" అన్నారు పేపరు లోంచి తలెత్తకుండా.

సరే, ఇప్పుడు లోపలికి వద్దాం.

గదిలో కిటికీ పక్కన మంచం, మంచం మీద పెద్దావిడ, తలదిండు దగ్గర మా చెల్లెలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. మా అమ్మ పోయేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. జడలు వేసి, బడికి పంపి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది నేను. వచ్చే ఒకటో తారీఖున పెద్దాసుపత్రిలో నర్సుగా చేరాల్సిన పిల్ల. పోలీసు కేసంటూ ఒకటి పడిందా, ఆ ఉద్యోగం గాలికి పోయినట్టే. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ముసలివాళ్ళ మంచం పక్కకి కూడా రానివ్వరు.

డాక్టరుగారు ఆస్పత్రికి సెలవు పెట్టి మరీ కుర్చీ లాక్కుని నా వెనకే కూర్చున్నారు. నలభై దాటిన మనిషి. శుభ్రమైన చొక్కా, శుభ్రమైన గోళ్ళు, శుభ్రమైన నవ్వు. అలాంటి నవ్వంటే నాకు మొదట్నుంచీ గిట్టదు.

"కానివ్వండి. నాకేం తొందర లేదు" అన్నారు.

"నాలుగింటికి గడువు పెట్టింది మీరేగా డాక్టరుగారూ? తొందర లేకపోవడమేంటి?"

నాకు ముందునుంచీ ఒకటే అనుమానం పురుగులా తొలుస్తోంది. ఇంట్లో దొంగతనం జరిగితే ఎవరైనా ఆ గీతల్ని పోలీసులకి చూపిస్తారు. వాళ్ళు రాకముందే చెరిపించేసుకోవాలని ఎవరికుంటుంది? చెరిపితే లాభం ఉన్నవాడికే ఉంటుంది. ఈ మనిషి తన తల్లి దుద్దులు తనే మాయంచేసి, నోట్లో నాలుక లేని నా చెల్లెలి మీదకి తోస్తున్నాడని నేను మనసులో తీర్పు కూడా చెప్పేశాను.

తాళం జోలికి పోకుండా ముందు కాళ్ళ దగ్గర మొదలుపెట్టాను. కావాలనే. ఆయన మొహంలో ఏం మారుతుందో చూద్దామని. చక్రాల కుర్చీ తగిలి బల్ల కాళ్ళు బాగా గీరుకుపోయి ఉన్నాయి. ఇలాంటివి పెద్ద పనేమీ కాదు, మీరైనా చేసుకోవచ్చు. పైపై గీతలకి అక్రోటు పప్పు విరిచి రుద్దితే అందులోని నూనె పట్టుకుని గీత కలిసిపోతుంది. కాస్త లోతైతే చిక్కటి టీ డికాషన్ దూదితో అద్ది, ఆరాక మైనం పట్టించాలి. ఒక కాలి మీద పప్పు రుద్దానో లేదో, గుడ్డ నల్లగా వచ్చింది. టేకు అంత నలుపు దించదు. వాసన చూశాను. బూటు పాలిష్.

"ఇదెవరి తెలివండీ?" అన్నాను.

చెల్లెలు నీళ్ళు నమిలింది. "నేనే అక్కా. కుర్చీ తిప్పుతుంటే గీసుకుపోయింది. సారు చూస్తే తిడతారని సారు బూట్ల డబ్బా తీసి పూసేశాను."

"గోధుమరంగు బల్లకి నల్ల పాలిషా? నా చెల్లెలివై ఉండీ?"

"ఇంట్లో అదే ఉంది మరి."

వెనక నుంచి డాక్టరుగారు చిన్నగా దగ్గారు. "ఒక గీత దాచిపెట్టిన పిల్ల ఇంకో గీత దాచదని ఏముందమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమెందుకు, ఆ ఒక్క క్షణం నా చెల్లెలి మీద నాకే అనుమానం వచ్చింది. దాని మొహంలోకి చూశాను. అది నా చూపు పట్టేసింది. "అక్కా, నువ్వు కూడానా?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. తర్వాత రోజుల్లో ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నానో లెక్కలేదు.

ఇక పౌరుషం వచ్చేసింది. తిన్నగా తాళం దగ్గరికే పోయాను.

మామయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది. గీత మీద చెయ్యి పెట్టేముందు దాన్ని తీరిగ్గా చూడాలి. ఎదురుగా కాదు, పక్కనుంచి. చెంప బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, టార్చి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకోవాలి. అలా చూస్తే గీత ఎవరు గీశారో చెప్పదు గానీ, ఎప్పుడు గీశారో, ఎంత కంగారులో గీశారో చెప్పేస్తుంది. పదహారేళ్ళుగా ఇదే చూపు నాది. పెళ్ళిచూపుల్లో మా ఆయన్ని కూడా ఇంత జాగ్రత్తగా చూడలేదు.

ఏడు గీతలు. తాళం రంధ్రానికి కుడివైపు అయిదు, కింద రెండు. స్క్రూడ్రైవరు లాంటి బల్లపరుపు ఇనుము దూర్చి, చేతికొచ్చినట్టు పెకలించారు. మూడుసార్లు జారింది. చేసింది ఎవరోగానీ చెయ్యి తిరిగిన దొంగ మాత్రం కాదు.

తర్వాత అంచులు చూశాను. కొత్త గీతకి అంచు వాడిగా ఉంటుంది, వేలు పెడితే ముల్లులా తగులుతుంది. వీటి అంచులు నున్నగా ఉన్నాయి. పైగా బల్ల మీది లక్క పూత అంచు దాటి గీత లోపలికి దిగి ఉంది. అంటే ఏమిటి? ముందు గీతలు పడ్డాయి, తర్వాతెప్పుడో పాలిష్ పడింది. ఆ పాలిష్ చూస్తే ఎనిమిది నెలలది కాదు, ఎనిమిదేళ్ళది కూడా కాదు.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బల్లకి ఆనించిన చెంపకే ఆ చప్పుడు తెలిసింది. మా చెల్లెలు ఈ ఇంటి గడప తొక్కకముందే ఈ గీతలున్నాయి!

కానీ మరి పైకి అంత తాజాగా ఎందుకు కనపడుతున్నాయి? దబ్బనం తీసి ఒక గీత మూల కెలికాను. ఆవగింజంత ముక్క ఊడివచ్చింది. మైనం. పాత పూడిక. ఎవరో ఆ రోజుల్లోనే గీతల లోపల లక్క పట్టించి, మైనంతో చక్కగా పూడ్చి, పైన పాలిష్ కొట్టారు. ఇప్పుడు ఇంకెవరో ఆ పూడికని సన్నటి మొనతో, ఒక్కచోట కూడా చెయ్యి జారకుండా, తవ్వి తీసేశారు. మా పనివాళ్ళ దగ్గర అంత సన్నటి మొన ఉండదు. పళ్ళ సందుల్లో గెలికేవాళ్ళ దగ్గర ఉంటుంది.

అంతలో మంచం దగ్గర టకటకమని చప్పుడు. పెద్దావిడ ఎడమ చేత్తో మంచం కమ్మీని కొడుతోంది. నా చేతిలోని దబ్బనం వైపే చూస్తోంది.

"దాహమేమో చూడవే" అన్నాను.

చెల్లెలు నీళ్ళు పట్టింది. ఆవిడ నోరు బిగించింది. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి గానీ చూపు మాత్రం నా చేతి మీంచి కదల్లేదు.

నేనా మైనం ముక్కని గరిటెలో వేసి లైటరుతో కాస్త వెచ్చబెట్టాను. లోపల ఏం కలిపారో తెలియాలంటే వెచ్చబెట్టి వాసన చూడాలి. గుప్పుమని లవంగ నూనె వాసన కొట్టింది.

లవంగ నూనె! పన్ను నొప్పంటే పెట్టేది అదేగా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గరిటె పుచ్చుకుని డాక్టరుగారి మీదకి వెళ్ళిపోయాను.

"ఏమండీ, మా చెవిలో పువ్వులు కనపడుతున్నాయా మీకు? పూడ్చిందీ మీరే, తవ్విందీ మీరే. ఇదిగో, మీ ఆస్పత్రి వాసన! మీ ఇంటి గీతలు మీరే కప్పెట్టుకుని, ఇవాళ మీరే తెరిచి, అన్నెంపున్నెం ఎరగని పిల్ల నెత్తిన రుద్దుతారా? సిగ్గుగా లేదూ?"

చెల్లెలు "అక్కా, మెల్లగా" అంటోంది. మెల్లగా మాట్లాడటం నాకెప్పుడు వచ్చిందని?

డాక్టరుగారికి కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. గరిటె అందుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, మళ్ళీ నా చేతికిచ్చారు.

"తవ్వింది నేనే. ఒప్పుకుంటున్నాను. పూడ్చింది మాత్రం నేను కాదు. మీ పెట్టె మూత తీసి ఒకసారి వాసన చూడండమ్మా."

"నా పెట్టె ఎందుకు?"

"చూడండి ఒకసారి."

మూత తీశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. ఆ మాటే అన్నాను.

"మీకు రాదులెండి. అందులోనే పుట్టి పెరిగినంత అలవాటుపడి ఉంటారు" అని మా చెల్లెలి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

అది తల వంచుకుంది. "లవంగాల వాసనే అక్కా. మీ ఇల్లంతా అదే వాసన. నీ బట్టలు కూడా. నీకు తెలీదా?"

నిజంగానే తెలియదు. పదహారేళ్ళుగా ప్రతి ఆదివారం పొయ్యి మీద మైనం, లక్క కరిగించి, చెద పట్టకుండా పది చుక్కల లవంగ నూనె వేసేది నేనే. అది మామయ్య సొంత మందు. ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నారు. చేత్తో వేస్తున్నాను కాబట్టి నూనె సంగతి తెలుసు. ముక్కు మాత్రం ఏనాడో మొద్దుబారిపోయింది. వేడి చేస్తే తప్ప నా ఇంటి వాసన నాకే అందలేదు. అందాక కూడా దాన్ని పట్టుకెళ్ళి ఎదుటివాడి మొహాన కొట్టాను.

'ఆ ఇంటి గడపే ఎరగనమ్మాయ్' అన్న మాట చెవిలో గింగురుమంది. పేపరు లోంచి తల కూడా ఎత్తలేదు ఆయన.

"మీ వాళ్ళ పనేనా?" అన్నారు డాక్టరుగారు.

నేను ఇంకో ముక్క తవ్వి గోటితో నొక్కాను. రాయిలా ఉంది, గోరు దిగలేదు. నేను కాపురానికి వచ్చాక మైనంలో కొబ్బరినూనె కలపడం మొదలుపెట్టాను. పూడిక సాగుతుంది, పగలదు. మామయ్య మొదట గొణిగినా తర్వాత ఒప్పుకున్నారు. అంటే ఈ గట్టి పూడిక నేను రాకముందుది. ఆ రోజుల్లో మైనం కలిపిన చెయ్యి ఒక్కటే.

"ఇది పదహారేళ్ళకి పైబడ్డ పూడిక" అన్నాను. "అప్పటికి మా చెల్లెలు చిన్నపిల్ల. గీతలు దానివి కావు. ఇక దాన్ని వదిలెయ్యండి."

"ఎవరు పూడ్చారు?"

"అది మీకెందుకు? పాతవని తేల్చేశానుగా."

"మీరు ఆ పిల్ల అక్కగారు. పాతవని మీరంటే పోలీసులు నమ్ముతారా? పూడ్చిన మనిషి ఎవరో చెబితే ఆ మనిషినే అడుగుతారు. లేకపోతే నేను నాలుగింటికి ఫిర్యాదు ఇస్తాను. మూడు నలభై అయింది."

నేను గోడ గడియారం వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూశాను. ఎవరి మీద నింద పడితే జీవితాంతం తుడిచినా పోదో, ఆ పిల్ల నా ఎదురుగా ఉంది. ఇంకోవైపు మామయ్య. మా నాన్న కూడా చెప్పనంత ఓపికగా నాకు పని చెప్పిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతుంటే టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునే మనిషి. గీతలు పూడ్చడం నేరమేమీ కాదుగదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరో పిలిచి ఉంటారు, వెళ్ళి పూడ్చి ఉంటారు, మరిచిపోయి ఉంటారు. వయసు పైబడింది. మరి మరిచిపోయిన మనిషి 'గుర్తులేదు' అంటాడు గానీ 'గడపే ఎరగను' అంటాడా?

మంచం కమ్మీ మళ్ళీ టకటకలాడింది. ఈసారి పెద్దావిడ కళ్ళలో నీళ్ళు. తల అడ్డంగా ఊపాలని చూస్తోంది, ఊపలేకపోతోంది.

"వద్దంటోందక్కా" అంది చెల్లెలు గుసగుసగా. "నాకు తెలుసు, ఆవిడ వద్దన్నప్పుడు ఇలాగే చేస్తుంది."

"ఏది వద్దట?"

చెల్లెలికి మాత్రం ఏం తెలుసు?

"మూడు నలభై అయిదు" అన్నారు డాక్టరుగారు.

"మా మామయ్య" అన్నాను. "ఈ గీతలు పూడ్చింది మా మామయ్య. ఈ మైనం ఆయన తప్ప ఎవరూ కలపరు. ఎక్కడైనా ఇదే మాట చెబుతాను. మా చెల్లెలికి దీంతో ఏ సంబంధమూ లేదు."

చెల్లెలు నన్ను వాటేసుకుని బావురుమంది. నేను దాని వీపు నిమురుతూ డాక్టరుగారినే చూస్తున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలారు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి చిన్న ఎర్ర డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. మూత తీశారు. రవ్వల దుద్దులు.

డబ్బా లాక్కుని చూశాను. రెండూ ఉన్నాయి.

"ఇవి ఎక్కడికీ పోలేదమ్మా. మీ చెల్లెలు బంగారం లాంటి పిల్ల. ఆమెకి నేను చేసింది తప్పే, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"మూడు రోజులు దొంగని చేశారు దాన్ని! అన్నం కూడా ముట్టలేదది!" నా చేతిలో గరిటె ఉంది, విసరకుండా ఎలా ఆగానో నాకే తెలియదు. "ఎందుకు? ఎందుకండీ?"

"మామూలుగా అడిగితే మీరు చెప్పేవారా? ఇంటికొచ్చి, మీ మామగారి చేతిపని గుర్తుపట్టి నాకు చెప్పండంటే, తలుపు మొహాన వేసేవారు. మీ చెల్లెలి కోసమైతేనే చెబుతారని తెలుసు. గీతలు పూడ్చడానికి కాదు మిమ్మల్ని పిలిచింది. అవి ఎవరు పూడ్చారో మీ నోటితో వినాలని."

ఆయన లేచి సొరుగు లాగారు. ఖాళీగా ఉంది.

"నెల కిందట అమ్మ కుర్చీ తిరగడానికి చోటు కావాలని ఈ బల్ల జరిపాం. ఎండ పక్కనుంచి పడి తాళం చుట్టూ ఏదో తేడాగా కనపడింది. తవ్వి చూశాను. లవంగాల వాసనొచ్చింది. ఎక్కడో తెలిసిన వాసనే అనుకున్నాను. మీ చెల్లెలు సెలవుకి మీ ఇంటికెళ్ళి వచ్చిన రోజున, ఆమె బట్టల్లో మళ్ళీ అదే వాసన." ఆయన ఖాళీ సొరుగు మళ్ళీ మూశారు. "ఇరవై రెండేళ్ళ కిందట నేను హాస్టల్లో ఉండగా మా నాన్నగారు కనపడకుండా పోయారు. తనంతట తానే ఇల్లు వదిలి వెళ్ళిపోయారని అమ్మ చెప్పింది. నేను నమ్మాను. ఆయన సొరుగు తాళం ఎవరో పెకలించారని అమ్మ ఏనాడూ చెప్పలేదు. తాళంచెవి ఉన్న మనిషి వెళ్తూ వెళ్తూ తన సొరుగు తనే పగలగొట్టుకోడు కదా? నేను సెలవులకి వచ్చేసరికి బల్ల మీద కొత్త పాలిష్ మెరుస్తోంది. నాన్నగారు వెళ్ళిపోయాక కూడా అలవాటు తప్పకుండా ఇల్లు శుభ్రం పెట్టుకుందనుకున్నాను. పిచ్చివాణ్ణి."

పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

బల్ల అంచు పట్టుకున్నాను. గీతలు పూడ్చడం నేరం కాదని ఇందాకే కదా నాకు నేను చెప్పుకున్నది.

డాక్టరుగారు ఫోను తీసి నంబరు నొక్కారు. స్పీకరు పెట్టారు. "ఇన్‌స్పెక్టరుగారూ, చెప్పింది. ఆయనే" అన్నారు.

"మంచిదండీ. పెద్దాయన ఇంట్లోనే మా ఎదురుగా ఉన్నారు. పారిపోయే ఉద్దేశమేమీ ఉన్నట్టు లేదు. కోడలితో ఒక్క మాట మాట్లాడతానంటున్నారు."

ఫోనులో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మామయ్య దగ్గు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను, కాళ్ళ మీద పడటానికి సిద్ధంగా ఉన్నాను, ఎందుకు చెప్పానో ఏకరువు పెట్టడానికి నోరు కూడా తెరిచాను. ఆయన నన్ను తిట్టలేదు. ఎందుకు చెప్పావనలేదు. ఏం జరిగిందని కూడా అడగలేదు.

"అమ్మాయ్," అన్నారు, గొంతు బాగా తగ్గించి, "పెద్దావిడకి మాటొచ్చిందా?"